వినపడలేదన్న సాక్షి

అచ్యుతరావుకు అమెరికా వాళ్ళ మీద గౌరవం కలిగింది వాళ్ళ కార్లు చూసి కాదు, విమానాలు చూసి అంతకన్నా కాదు. వాళ్ళు తగువులాడుకునే పద్ధతి చూసి. ఈ మాట చెబితే సౌదీలోని జుబైల్లో తెలుగువాళ్ళందరూ నవ్వేవారు. తగువులో చూసి మురిసిపోవడానికేముందయ్యా, మన దగ్గర కరువా అనేవారు. నవ్వితే నవ్వనీ, ఆయన చూసింది ఆయన చూశాడు.

1991 జనవరి సంగతి. కువైట్‌ను ఇరాక్ మింగేసి కూర్చుంది. యుద్ధం వస్తుందా రాదా అన్నది జుబైల్లో తేలేది కాదు, వాషింగ్టన్లో తేలాలి. అక్కడ చేతులెత్తేది వాళ్ళు, ఇక్కడ ముక్కుకు మాస్కు తొడుక్కుని మంచం కింద దూరాల్సింది మనం. అచ్యుతరావు అప్పటికి పెట్రోకెమికల్ ప్లాంటులో పైపులు తుప్పు పట్టకుండా చూసే ఇంజనీరు. తణుకు నుంచి వచ్చి మూడో ఏడు. సాయంత్రం కాగానే అమెరికన్ల కాంపౌండులో ఉన్న హాలుకు పోయి వెనక బెంచీలో కూర్చునేవాడు. అక్కడ వెండెల్ అనే అమెరికన్ ఇంజనీరు బల్ల మీద రేడియో పెట్టి, వాళ్ళ కాంగ్రెసులో జరుగుతున్న వాదన అందరికీ వినిపించేవాడు. యుద్ధం కావాలన్నవాడూ, వద్దన్నవాడూ గొంతు తగ్గించి, ఆగి ఆగి, ఇంట్లో ఎవరో పోయినట్టు మాట్లాడారు. ఒకడి మాటకు ఇంకొకడు అడ్డం రాలేదు. చివరికి కొద్ది ఓట్ల తేడాతో యుద్ధమే గెలిచింది.

ఆ వాదన విని హాల్లో వాళ్ళకూ ఉబలాటం పుట్టింది. మనమూ వాదించుకుందాం అన్నారు. యుద్ధం కావాలని కర్టిస్, వద్దని వెండెల్. ఇద్దరూ అమెరికన్లే, ఒకే డిపార్టుమెంటు. వెండెల్ కాలేజీ రోజుల్లో వాదన పోటీలకు తిరిగినవాడు కాబట్టి ఒక నియమం పెట్టాడు. ఇద్దరూ మాట్లాడాక, ఓటు లేని బయటివాడొకడు లేచి ఇద్దరి వాదనా తన నోటితో తిరిగి చెప్పాలి. "అవును, నేనన్నది ఇదే" అని ఇద్దరూ ఒప్పుకుంటేనే చేతులెత్తడం. ఆ బయటివాణ్ణి సాక్షి అన్నారు.

సాక్షిగా వెనక బెంచీలో ఉన్న అచ్యుతరావును లేపారు. పాపం, వాళ్ళకేం తెలుసు? చిన్నప్పుడు తణుకులో మేష్టారి ముందు చేతులు కట్టుకుని పద్యాలూ ఎక్కాలూ అప్పజెప్పిన నోరది. కర్టిస్ వాదన చెప్పాడు, వెండెల్ వాదన చెప్పాడు, ఒక్క ముక్క వదల్లేదు, ఒక్క ముక్క కలపలేదు. "నా మాట నాకంటే ఇతనే బాగా చెప్పాడు" అన్నాడు కర్టిస్. వెండెల్ ఓడిపోయాడు. ఓడిపోయి, కర్టిస్ భుజం మీద చెయ్యేశాడు. ఇద్దరూ క్యాంటీన్లో అబ్దుల్ ఘనీ వండిన కోడి పలావు ఒకే బల్ల దగ్గర తిన్నారు. అచ్యుతరావు ఆ రోజు ఇంటికొచ్చి భార్య జయమ్మతో, "మనుషులంటే వాళ్ళే జయా" అన్నాడు. ఆ వారంలోనే సైరన్లు మొదలయ్యాయి.

యుద్ధం ముగిసింది గానీ సాక్షి ఉద్యోగం ముగియలేదు. పన్నెండేళ్ళు హాల్లో ఏ వాదనైనా రావును పిలవాల్సిందే. పన్నులు పెంచాలా, అధ్యక్షుణ్ణి దించాలా, స్కూళ్ళలో ప్రార్థన ఉండాలా. తనకు ఓటూ లేదు, ఆ దేశంలో అడుగూ పెట్టలేదు, అయినా ఆ దేశపు తగువులన్నీ ఆయనకు కంఠతా. ఆ పిచ్చి ఇంట్లోకీ తెచ్చాడు. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే జయమ్మ గరిటె నడుము దగ్గర పెట్టుకుని, "ఉండండి, ఉప్పెక్కువైందని మీరన్నారు, మీ నాలుకే బాలేదని నేనన్నాను. సాక్షిని పిలవండి, తేల్చుకుందాం" అనేది. కూతురు భరణి పడీ పడీ నవ్వేది.

మెల్లగా హాలు మారింది. ముందు పెద్ద టీవీ వచ్చింది. అందులో నాలుగు గడుల్లో నాలుగు తలకాయలు, నలుగురూ ఒకేసారి అరుపులు. ఎవరు గట్టిగా అరిస్తే వాడు మొనగాడు. వాదనకని వచ్చేవాళ్ళు తగ్గారు, టీవీతో కలిసి అరిచేవాళ్ళు పెరిగారు. వెండెల్ మాత్రం చంకలో పుస్తకం పెట్టుకునే వచ్చేవాడు. వాళ్ళంతా అతన్ని ప్రొఫెసర్, ప్రొఫెసర్ అని పిలవడం మొదలెట్టారు. అచ్యుతరావు పొంగిపోయాడు. ఇన్నాళ్ళకు ఆ మనిషి విలువ తెలిసిందర్రా వీళ్ళకు అనుకుని, తనూ ఎంతో మర్యాదగా "గుడ్ మార్నింగ్ ప్రొఫెసర్" అని రోజూ పలకరించాడు. రెండు వారాలయ్యాక వెండెలే నవ్వుతూ చెప్పాడు, "రావ్, అది తిట్టు" అని.

చదువుకున్నవాణ్ణి చదువుకున్నవాడని తిట్టే ఊరు ఎక్కడైనా ఉంటుందా అని అచ్యుతరావు ఇంటికొచ్చి మథనపడ్డాడు. "ఉంటుంది లెండి, మీరు రోజూ పోయే హాలే" అంది జయమ్మ.

2003 మార్చి వచ్చింది. ఈసారి నేరుగా ఇరాక్ మీదికే యుద్ధం. ఓ మధ్యాహ్నం అచ్యుతరావు క్యాంటీన్‌కు పోతే అబ్దుల్ ఘనీ నిచ్చెనెక్కి బోర్డు తుడుస్తున్నాడు. ఘనీది కడప. పదిహేనేళ్ళుగా అమెరికన్లకు వండిపెడుతున్నాడు.

"ఏంటి ఘనీ భాయ్, కొత్త వంటకమా?"

"యాడి కొత్త సారూ! ఉర్లగడ్డలు అవే, నూనె అదే, బాణలి అదే. ఫ్రెంచ్ ఫ్రైస్ అనే పేరు కొట్టేసి ఫ్రీడమ్ ఫ్రైస్ అని రాయమంటాండాడు కర్టిస్ సారు. ఫ్రెంచోళ్ళు యుద్ధానికి రామన్న్యారంట, అందుకని వాళ్ళ పేరు పలకగూడదంట. అమెరికా పార్లమెంటు క్యాంటీన్లో గూడా మార్చినారంట సారూ!"

"నువ్వేమన్నావు?"

"నేనేమంటా, రాసేసినా. మా ఊర్లో గూడా కోపాలొస్తాయి గానీ, ఉర్లగడ్డ మీద ఎవురూ కోప్పడరబ్బా."

ఇద్దరూ నవ్వుకున్నారు.

కర్టిస్ ఇప్పుడు డిపార్టుమెంటుకు హెడ్డు. గురువారం సాయంత్రం హాల్లో యుద్ధం మీద వాదన అని నోటీసు అంటించాడు. వద్దనే పక్షానికి వెండెల్ తప్ప మనిషి లేడు. బుధవారం వెండెల్ వచ్చి, "రావ్, నేను గెలవనని నాకు తెలుసు. ఆ అరుపుల్లో నా మాట వాళ్ళకు వినపడకపోవచ్చు. నువ్వు చెబితే వింటారు. నీతో వాళ్ళకు పేచీ లేదు. నా మాట ఒక్కసారి హాల్లో పూర్తిగా పలికితే చాలు, తరవాత ఎలా చేతులెత్తినా వాళ్ళిష్టం" అన్నాడు.

"ఎప్పుడూ చెప్పేదే కదా" అన్నాడు అచ్యుతరావు.

అదే సాయంత్రం కర్టిస్ తన గదికి పిలిచాడు. కాఫీ ఇచ్చాడు. భరణి పదో తరగతి పరీక్షలెలా రాస్తోందని అడిగాడు. "నీ రెన్యువల్ కాగితం నా బల్ల మీదే ఉంది. వచ్చే నెల నీ ఇఖామా అయిపోతుంది కదూ? రేపు సాక్షివి నువ్వేగా? కొంచెం క్లుప్తంగా కానీ రావ్. జనానికి పొడుగు మాటలంటే విసుగొస్తోంది" అన్నాడు. అంతే. బెదిరించాడనడానికి అందులో ఒక్క మాట లేదు. కానీ గల్ఫులో పదిహేనేళ్ళు బతికినవాడికి అంతకంటే వివరంగా చెప్పాలా? ఇఖామా అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కాగితం. రెన్యువల్ ఆగితే ఫైనల్ ఎగ్జిట్, మూటాముల్లె సర్దుకుని ఇండియా దారి పట్టాల్సిందే. పిల్ల చదువు నడిమధ్యలో, ఆయన వయసు నలభై ఐదు దాటి.

ఇంట్లో చెప్పాడు. జయమ్మ చపాతీ పిండి కలుపుతూ విన్నది. "పన్నెండేళ్ళు చెప్పిన నోరేగా, మీకు తోచింది చెయ్యండి" అని ఊరుకుంది. తిట్టినా బాగుండేది.

గురువారం హాలు కిటకిటలాడింది. గోడకు పెద్ద జెండా. వెనక బెంచీల్లో ఇండియన్లు, ఫిలిప్పినోలు. కర్టిస్ ముందు మాట్లాడాడు. రెండు మాటలకోసారి చప్పట్లు. తరవాత వెండెల్ లేచి, అలవాటు ప్రకారం ముందు కర్టిస్ వాదనలో బలమేమిటో చెప్పబోయాడు. "ప్రొఫెసర్, క్లాసు ఎప్పుడైపోతుంది?" అని ఎవడో అరిచాడు. హాలు గొల్లుమంది. వెండెల్ ఆగి, మళ్ళీ మొదలెట్టాడు. ఈలలు. కర్టిస్ కుర్చీలోంచే, "ఒక్క ముక్కలో చెప్పు వెండెల్, నువ్వు మా వైపా, ఆ ఇరాక్ వాడి వైపా?" అన్నాడు. హాలు దద్దరిల్లింది. ఆ గోలలోనే వెండెల్ కాగితం కూడా చూడకుండా, గొంతు పెంచకుండా, తను చెప్పాల్సిందంతా చివరిదాకా చెప్పి కూర్చున్నాడు. ముందు వరసల వాళ్ళు వినలేదు. వెనక బెంచీ చివర కూర్చున్న అచ్యుతరావు ముందుకు వంగి, పెదవుల కదలిక కూడా చూస్తూ, మొత్తం పట్టుకున్నాడు.

"సాక్షి!" అని కేకేశాడు కర్టిస్.

అచ్యుతరావు లేచాడు. కర్టిస్ వాదన చెప్పాడు. "ఏడాదిన్నర కిందట న్యూయార్కులో మన మీద దాడి జరిగింది. అది రాకముందు ఎవరికీ తెలియలేదు. ఇరాక్ పన్నెండేళ్ళుగా ఘోరమైన ఆయుధాలు దాచిపెడుతూనే ఉంది. పూర్తిగా తేలేదాకా ఆగితే, తేలేనాటికి సగం మందిమి ఉండం. కాబట్టి ముందే కొట్టాలి. ఇదీ కర్టిస్ గారి వాదన." చప్పట్లు మోగాయి. కర్టిస్ తలూపాడు. ఇక రెండోది. ఎదురుగా వెండెల్ కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుని, అప్పటికే సగం ఊరట పడ్డవాడిలా చూస్తున్నాడు. అచ్యుతరావు నోట్లో మొదటి వాక్యం సిద్ధంగా ఉంది. రెండోదీ ఉంది. కర్టిస్ కూడా నవ్వు ముఖంతో ఇటే చూస్తున్నాడు.

"రెండో వాదన..." అన్నాడు అచ్యుతరావు. నీళ్ళు నమిలాడు. "క్షమించండి. గోలలో నాకు సరిగ్గా వినపడలేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత హాలు విరగబడి నవ్వింది. ఆ సాయంత్రానికి అదే గొప్ప జోకనుకున్నారు. ఒకడు లేచి ఆయన వీపు చరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు, లేచి నిలబడి మరీ కొట్టారు. పన్నెండేళ్ళలో అమెరికన్లు ఆయన కోసం లేచి నిలబడటం అదే మొదలు. పాపిష్టి మనసు, ఆ చప్పట్లు ఆయనకు బాగానే అనిపించాయి. నియమం సంగతి ఎవరూ తలవలేదు. చేతులెత్తమన్నప్పుడు ఓటు లేని వెనక బెంచీలు కూడా ఎత్తేశాయి. వెండెల్ కళ్ళద్దాలు పెట్టుకుని, బయటికి పోతూ దగ్గరకొచ్చి, "నిజమే రావ్, గోల ఎక్కువగానే ఉంది" అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే అచ్యుతరావు ఎలాగో తట్టుకునేవాడు.

ఇంటికొచ్చి జయమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె అంతా విని, "ఇంతకీ ఆయనేమన్నాడు?" అంది.

"ఎవరు?"

"వెండెల్ గారండీ. ఏమన్నాడు?"

అచ్యుతరావు కుర్చీలో కూర్చున్నవాడల్లా, ఎందుకో లేచి నిలబడి, చేతులు కట్టుకున్నాడు. "కర్టిస్ భయం దొంగ భయం కాదు, నాకూ అదే భయం అన్నాడు. ఆ ఆయుధాలు వెతికేవాళ్ళు ఇరాక్‌లో వెతుకుతున్నారు, ఇంకొన్ని నెలలు వెతకనివ్వండి అన్నాడు. తెలియదు అనేదాన్ని తెలుసు అని చెప్పుకుని యుద్ధానికి పోతే, రేపు నిజంగా తెలిసినప్పుడు చెప్పినా మనల్నెవరూ నమ్మరన్నాడు. గెలవడం సుళువు, గెలిచిన మర్నాడు ఆ ఊళ్ళో నీళ్ళూ కరెంటూ ఎవరిస్తారో ఒక్కరైనా చెప్పండన్నాడు. ఈ హాల్లో వెనక బెంచీల్లో ఉన్నవాళ్ళకు మన ఓటు లేదు, మన బాంబుల చప్పుడు మాత్రం ముందు వాళ్ళకే వినపడుతుంది, కాబట్టి ఓటున్నవాళ్ళు వాళ్ళ కోసం కూడా ఆలోచించాలన్నాడు. నేను తప్పయితే ఎక్కడ తప్పో చూపించండి, మీ వైపు వచ్చేస్తానన్నాడు."

"అయితే మన గురించి కూడా మాట్లాడాడన్నమాట" అని జయమ్మ వంటింట్లోకి పోయింది.

ఆయన ఆ రాత్రీ మర్నాడూ సరిగ్గా తినలేదు. శనివారం పొద్దున్నే, షిఫ్టు మొదలవకముందే వెండెల్ గదికి పోయాడు. వెండెల్ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుకుంటున్నాడు. కాంట్రాక్టు పొడిగించవద్దని తనే రాసిచ్చేశాడట. అచ్యుతరావు తలుపు దగ్గరే నిలబడి, ఉపోద్ఘాతం లేకుండా మొదలెట్టాడు. మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా చెప్పాడు. వెండెల్ చేతిలో పుస్తకం అలాగే పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"అవును, నేనన్నది ఇదే" అన్నాడు. "ఒక్క ముక్క పోలేదు రావ్. కానీ ఇదంతా నాకు ముందే తెలుసు కదా. తెలియనివాళ్ళంతా గురువారం హాల్లో కూర్చున్నారు."

అచ్యుతరావు పుస్తకాలు పెట్టెలో సర్దడానికి ఓ చెయ్యి వేశాడు. వెండెల్ వద్దనలేదు.

ఆ వారంలోనే బాంబులు పడ్డాయి. ఏప్రిల్లో అచ్యుతరావు ఇఖామా రెండేళ్ళకు రెన్యువల్ అయింది.