తల మీద చెయ్యి

"నువ్వు ఎత్తొద్దులే, ఆడ పెట్టు" అంది చంద్రకాంతమ్మ, కొళాయి దగ్గర బిందె నడుముకెత్తుకోబోతున్న కోడలితో. కోమలి చేతులు బిందె మీద అట్లాగే ఉండిపోయాయి. ఈ ఇంటికొచ్చిన రెండేళ్లలో ఆమె ఆ మాట వినలేదు. జ్వరమొచ్చిన రోజు కూడా "లేచి నాలుగు బిందెలు పట్టుకుంటే ఒళ్లు తేలికపడతాది" అన్న మనిషి, ఇప్పుడు తనే వంగి బిందె ఎత్తుకుని ముందు నడిచింది.

ఎందుకో అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ నెల కోమలి బయట చేరాల్సిన రోజు దాటి తొమ్మిది రోజులైంది. ఆ రోజులు ఆమె కన్నా అత్తకే బాగా గుర్తుంటాయి.

కోమలి తిరుపతిలో ఒక చిన్న ల్యాబులో టెక్నీషియన్. పొద్దున ప్యాసింజరుకు పాకాలలో ఎక్కి, సాయంత్రం ప్యాసింజరుకు దిగుతుంది. ఎక్కేలోపు వాకిలి ఊడ్చి ముగ్గెయ్యాలి, నీళ్లు పట్టాలి, టిఫినూ రెండు క్యారియర్లూ ముగించాలి. దిగాక మళ్లీ పొయ్యి. "ఉద్యోగం చెయ్యమని మేమడిగినామా? నీ సరదాకు నువ్వు పోతాండావు. దానికి ఇంటి పని ఆగతాదా?" అని పెళ్లయిన కొత్తలో హరినాథ్ అన్నాడు. హరినాథ్ ఎరువుల అంగట్లో గుమాస్తా. చెడ్డవాడు కాదు, అరిచేవాడూ కాదు. ఆ మాట కూడా అన్నం కలుపుకుంటూ మెల్లగానే అన్నాడు. అయినా అది ఆమె లోపల ఎక్కడో దిగబడిపోయింది. రైల్లో కిటికీ పక్కన సీటు దొరికి, చల్లగాలికి కళ్లు మూసుకున్న ప్రతిసారీ, పనికి పోతున్నట్టు కాక ఇంట్లో ఎవరివో కళ్లు కప్పి పారిపోతున్నట్టు అనిపించేది.

ఇప్పుడు ఇల్లే మారిపోయింది. పొద్దున్నే గ్లాసుడు పాలు. వాకిలి అత్తే ఊడుస్తోంది. హరినాథ్ ఎన్నడూ లేనిది బండి మీద స్టేషను దాకా దింపి, "మెల్లగా ఎక్కు" అంటున్నాడు. ఇంట్లో ఎవరూ ఆ విషయం నోటితో అనలేదు. పక్కింటి అక్కమ్మ మాత్రం గోడ మీదుగా చూసి నవ్వింది.

ల్యాబులో రోజూ పది మందికి చూసే గర్భ పరీక్ష, తనది తను చూసుకోవడానికి అయిదు నిమిషాల పని. కోమలి చూసుకోలేదు. రేపు చూద్దాంలే అనుకుంది. ఆ రేపు ఆదివారమైంది.

ఆదివారం మధ్యాహ్నం అత్త నూనెగిన్నె తెచ్చుకుని వరండా మెట్టు మీద కూర్చుంది. "రామ్మే, తలంతా పీచు మాదిరి ఉండాది" అని పిలిచింది. కోమలి కింది మెట్టు మీద కూర్చుంది. గోరువెచ్చని నూనెతో అత్త వేళ్లు మాడు మీద పడగానే ఆమెకు ఏడుపొచ్చింది. అది కనపడకుండా తలొంచుకుంది.

ఆమెకు ఏడేళ్లప్పుడు అమ్మ పోయింది. సత్యవేడులో నాయన దొరస్వామి, సేద్యం చేసుకునే మనిషి, పొద్దున్నే కూతుర్ని రెండు మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జడ వేసేవాడు. పాయలు సమానంగా తీయడం ఆయనకు ఎప్పటికీ రాలేదు. ఒక జడ లావుగా, ఒక జడ సన్నంగా బడికి పోయేది. పన్నెండేళ్లకు ఆమె పెద్దమనిషైంది. నీళ్లు పోసిన రోజు, పొరుగింటి తిరుమలమ్మ "ఇంక నాయనకు దూరంగా మసలుకో" అంది. నాయనకు ఏం చెప్పారో తెలియదు. ఆ మర్నాడు కోమలి దువ్వెన తీసుకుని పోతే, ఆయన పైపంచె భుజాన వేసుకుని చేనికి వెళ్లిపోయాడు. పెద్దదవడమంటే ఇదా అని ఆ పిల్ల దువ్వెన పట్టుకుని చాలాసేపు నిలబడింది. తర్వాత చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, పెళ్లి చేసుకుంది. మొగుడి చెయ్యి ఒంటి మీద పడింది గానీ, తల మీద చెయ్యి ఎవరూ వెయ్యలేదు.

అందుకే ఆ సాయంత్రం హరినాథ్ "నెలాఖరుకు మానేస్తానని ల్యాబులో చెప్పెయ్. ఇంక రైళ్లూ గీళ్లూ వద్దు" అన్నప్పుడు, కోమలి సరే అనేసింది. నాయనతో నెల రోజులు కొట్లాడి చేరిన చదువు, ఒంటరిగా తిరుపతి వీధుల్లో వెతుక్కున్న ఉద్యోగం. వాటిని వదులుకునే మాట అంత సులువుగా తన నోట ఎట్లా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

సోమవారం ల్యాబులో ఆయా రాఘవమ్మ ఆమె ముఖం వైపు అదోలా చూసింది. "ఊరందరివీ సూస్తాండావు. నీది సూసుకున్నావా?"

కోమలి చూసుకుంది. ఒక్కటే గీత. ఇంకో కార్డు తీసి మళ్లీ చూసింది. అదే గీత.

బిడ్డ లేదన్న బాధ కాదు ముందు వచ్చింది. ఇంక నా తల ఎవరు దువ్వుతారు అనుకుంది. ఆ తర్వాత సిగ్గుపడింది.

ఆ రోజు ఇంట్లో చెప్పలేదు. మంగళవారమూ చెప్పలేదు. పాలు తాగింది. మెట్టు మీద కూర్చుని తల అప్పగించింది. అత్త చిక్కు తీస్తూ తన పుట్టింటి ముచ్చట్లు చెబుతుంటే, దొంగసొమ్ము తిన్నట్టు బెదురుతూనే, ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంది.

బుధవారం చంద్రగిరి నుంచి ఒక పిల్ల తన అత్తతో ల్యాబుకు వచ్చింది. ఇరవై ఏళ్లుంటాయేమో. మెట్లెక్కేటప్పుడు ఆ పెద్దామె కోడలి మోచెయ్యి పట్టుకుని, "మెల్లగా, మెల్లగా" అంటూ తెచ్చింది. కోమలి కడుపు లేదని చెప్పగానే పెద్దామె చీటీ మడిచి బొడ్లో దోపుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది. ఆ పిల్ల పై మెట్టు మీదే నిలబడి, "నేనేమి చేసినానక్కా?" అంది. అదేదో కోమలికి తెలిసి ఉంటుందన్నట్టు అడిగింది. జవాబు వినకుండానే, పెద్దామె అందనంత దూరం పోతుందేమోనని పరిగెత్తింది.

సాయంత్రం నూనెగిన్నె రాగానే కోమలి చెప్పేసింది.

"అత్తా, నెల తప్పలేదు. వట్టిగా ఆలస్యమయ్యిండాది. పరీక్ష చేసి సూసినాను."

తలలో వేళ్లు ఆగిపోయాయి. "సరిగా సూసినావా?"

"రెండు తూర్లు సూసినాను. సోమవారమే."

చంద్రకాంతమ్మ చేతులు చీర కొంగుకు తుడుచుకుని లేచి లోపలికి పోయింది. సగం చిక్కు తీసిన జుట్టు కోమలి భుజాల మీద పడింది. వెనక్కి తిరిగి పిలుద్దామనుకుంది. పిలవలేదు.

హరినాథ్ వచ్చి విన్నాడు. చెప్పులు విడవకుండానే వాకిట్లో నిలబడ్డాడు. "తెలిసి కూడా మూడు దినాలు నోరు మెదపలేదంటే ఏమనుకోవాల?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. కార్డు మీద నమ్మకం లేదని అనొచ్చు. "సెప్తే అత్త నా తల దువ్వదని" అంది.

అతను ఆ మాట అర్థం కానట్టు చూశాడు. గొంతు తగ్గించి, "సరే, పోనీలే. నెలాఖరుకు ఎట్లాగూ మానేస్తాండావు గదా. ఇంట్లో ఉంటే ఒళ్లు నిలుస్తాది. వచ్చే నెల సూద్దాము" అన్నాడు.

"మానను."

"ఆపొద్దు సరే అన్నావే?"

"అన్నాను. అప్పుడు మీరు నన్ను బాగా సూసుకుంటాండారు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. అత్త వింటోందని కోమలికి తెలుసు. అత్త లేచి వచ్చి మళ్లీ ఆ మెట్టు మీద కూర్చుంటే ఎంత బాగుండునో అని, ఇంత జరిగాక కూడా మనసు పీకుతూనే ఉంది. ఆ ఆశ పోదు. పోవాలనీ ఆమె అనుకోలేదు. లోపలికి కూడా వినపడేట్టు, కోపం లేకుండా అంది.

"కడుపులో ఎవురూ లేరు, నిజమే. ఇంట్లో నేనుండాను గదా."