కుర్చీ కింద నీడ

పెద్దక్క రోజూ పొద్దున ఆరింటికి కాఫీ కొట్టు తెరుస్తుంది. ముందు కుర్చీలన్నీ బల్లల మీదికి ఎక్కించి ఊడుస్తుంది. తర్వాత బకెట్టు నీళ్ళలో రెండు మూతలు ఫినాయిల్ పోసి మూలమూలలా తడిగుడ్డ పెడుతుంది. నేల ఆరాక గుమ్మం పక్కన ఆరు స్టీలు గిన్నెల్లో నీళ్ళు పోసి వరసగా పెడుతుంది. అవి కుక్కలకి. చిన్న కుక్కలకి చిన్నవి, పెద్ద కుక్కలకి పెద్దవి, ఒకదాని గిన్నెలో ఇంకోటి మూతి పెట్టకూడదు. ఇదంతా అయ్యాక ఒక కప్పు కాఫీ కలుపుకుని గుమ్మంలో నిలబడి, ఎదురుగా ఉన్న చెల్లెలి కొట్టు వైపు చూస్తుంది. కాఫీ చల్లారుతుంది గానీ కడుపుమంట చల్లారదు.

నగరం చివర, సిటీ బస్సు వెనక్కి తిరిగే చోట ఉంది ఆ వీధి. అక్కడ ఇళ్ళు కొత్తవి, చెట్లు చిన్నవి, కుక్కలు మాత్రం ఇంటికొకటి. కుక్కని నడిపించడానికి బయల్దేరినవాళ్ళు కాసేపు ఎక్కడైనా కూర్చుని ఏదైనా తాగాలంటే, కుక్కని లోపలికి రానిచ్చే కొట్లు రెండే. ఒకటి పెద్దక్కది, ఇంకోటి చిన్నక్కది. వీధంతా వాళ్ళని అలాగే పిలుస్తుంది.

మొదట్లో ఉన్నది ఒక్కటే కొట్టు, వాళ్ళ నాన్నది. ఆయన పోయాక అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నడిపారు. ఎనిమిది నెలలు నడిపారు, అదే గొప్ప. చిన్నక్క కుక్కల్ని లోపలికి రానిచ్చేది. "తినేచోట ఈ బొచ్చేమిటే?" అని పెద్దక్క గొడవపెట్టుకునేది. మాటా మాటా పెరిగి, చిన్నక్క ఎదురుగా ఖాళీగా ఉన్న గది అద్దెకి తీసుకుని, "కుక్కలతో రండి" అని పలక మీద సుద్దముక్కతో రాసి పెట్టింది. ఏడాది తిరక్కుండా అక్కడ కుర్చీ దొరకడం కష్టమైపోయింది. ఇక పెద్దక్క ఉండబట్టలేక, "కుక్కలకు సాదర స్వాగతం" అని పెద్ద బోర్డు రాయించింది. దాని కింద పదకొండు నియమాలు. మొదటిది, కాళ్ళు తుడుచుకుని రావలెను. కుక్కలకి చదవడం రాకపోవడం తన తప్పు కాదు కాబట్టి తనే గుమ్మంలో తువ్వాలుతో నిలబడేది. అక్కాచెల్లెళ్ళకి మాటలు లేక మూడేళ్ళు.

బేరాల సంగతి అలా ఉంచితే, పెద్దక్కని అసలు కాల్చుకు తింటున్నవి నీడలు.

కుక్కకి ఒక చోట మనసు కుదిరిందంటే, అది లేచి వెళ్ళిపోయినా దాని నీడ అక్కడే ఉండిపోతుంది. దానివల్ల కుక్కకి వచ్చే నష్టమేమీ లేదు. ఎప్పటిలా తింటుంది, మొరుగుతుంది, ఎండలో నడిచినా కింద ఏమీ పడదు, అంతే. మనుషులకీ జరుగుతుంది గానీ బహు అరుదు, మనుషులు ఒక చోట కూర్చుని ఇంకో చోటు గురించి ఆలోచిస్తుంటారు కదా. ఆ వీధిలో పోస్ట్‌మ్యాన్ ఒక్కడి నీడ మాత్రం లైబ్రరీ మెట్ల మీద ఉండిపోయింది. ఆయన రిటైరయ్యాక కూడా రోజూ ఒకసారి వెళ్ళి దాని పక్కన కూర్చుని వస్తాడు.

చిన్నక్క కొట్లో బల్లల కింద పందొమ్మిది నీడలున్నాయి. బొద్దువి, బక్కవి, చెవులు వేలాడేవి, చెవులు నిక్కబొడుచుకున్నవి. తన కుక్క వీధి మలుపు తిరిగిందంటే చాలు, లోపల నీడ తోక ఊపుతుంది. ఎండాకాలంలో వాటి మీద కాళ్ళు పెట్టుకుంటే చల్లగా ఉంటుందని జనం ఏరికోరి ఆ బల్లల దగ్గరే కూర్చుంటారు. చిన్నక్క ఊడ్చేటప్పుడు చీపురుని నీడల చుట్టూ తిప్పుతుందే తప్ప మీద వెయ్యదు.

పెద్దక్క నేల మాత్రం అద్దమే. ఒక్క నీడ ఉంటే ఒట్టు. వచ్చిన కుక్కలు తుమ్ముతూ వస్తాయి, పెట్టింది తింటాయి, తమ నీడని తమ వెంటే పట్టుకుపోతాయి. రోడ్డు మీద నిలబడితే రెండు కొట్ల నేలలూ అద్దాల్లోంచి కనిపిస్తాయి. మనసులో కుళ్ళుంటే ఎలాగోలా దాచుకోవచ్చు, ఖాళీ నేలని ఎక్కడ దాస్తారు?

వీధి చివర బట్టలు కుట్టే దర్జీ మొహమాటం కొద్దీ వారానికి రెండుసార్లు పెద్దక్క దగ్గర కాఫీ తాగుతాడు. ఆయన కుక్క మాత్రం గొలుసు తెగేలా ఎదురు కొట్టు వైపు లాగుతుంటుంది.

"దానికేం తక్కువ చేశానయ్యా నేను?" అంది పెద్దక్క ఒకరోజు. "ఎముకల సూప్ పెట్టాను. మెత్తటి పరుపు వేశాను. ఆవిడగారు ఏం పెడుతుందట? ఎండిపోయిన రొట్టె!"

"అబ్బే, మీకేం తక్కువక్కా. నేల మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు, అంత శుభ్రం."

"మరి నీ కుక్క నీడ అక్కడెందుకు పడుకుంది?"

దర్జీ కాఫీలోకి చూశాడు. "కుక్క కదక్కా. దానికేం తెలుసు."

అంటే కుక్కకి బాగా తెలుసనే ఆయన ఉద్దేశమని పెద్దక్కకి అర్థమై ఒళ్ళు మండింది. ఆ పూట నేల ఇంకోసారి ఫినాయిల్‌తో తుడిచింది.

ఆవిడకి ఉన్న ఒకే ఒక్క ధైర్యం పెద్దాయన. పెద్దాయనంటే నాన్న పెంచిన కుక్క. పద్నాలుగేళ్ళది, మూతి నెరిసి, వెనక కాలు ఈడుస్తూ నడిచేది. విడిపోయినప్పుడు చిన్నక్క గిన్నెలు అడగలేదు, బల్లలు అడగలేదు, పెద్దాయన్ని ఒక్కదాన్నే అడిగింది. "ప్రాణం పోయినా ఇవ్వను," అంది పెద్దక్క. అప్పటినుంచి వారానికి రెండు స్నానాలు, పళ్ళు ఊడిపోయాక మాంసం చిదిమి చేత్తో తినిపించడం, మోకాళ్ళకి నూనె మర్దనా. కన్నబిడ్డకైనా అంత చెయ్యదు. ఎన్ని కుక్కలు ఎటు పోయినా, నాన్న కుక్క నాది అని ఆవిడ ధీమా.

ఒక సోమవారం పెరట్లో పెద్దాయనకి స్నానం చేయించి ఎండలో నిలబెట్టింది. తువ్వాలు దులిపింది. తువ్వాలు నీడ పడింది. బకెట్టు నీడ పడింది. తన నీడ పడింది. పెద్దాయన కింద ఏమీ లేదు.

నీడ ఎక్కడుందో పెద్దక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం తను కునుకు తీసే అరగంటలో ఆ ముసలి కుక్క కాలీడ్చుకుంటూ రోడ్డు దాటి వెళ్తోందన్నమాట. ఎన్నాళ్ళ నుంచో! వీధిలో అందరూ చూసే ఉంటారు, తనకొక్కదానికే తెలీదు. కట్టుకున్నవాడు ఇంకో గడప తొక్కినా అంత అవమానం అనిపించేది కాదేమో.

సెల్‌ఫోన్లు అమ్మే ఆయన ఒకడు ఆరు నెలలుగా ఆ కొట్టు తనకిచ్చెయ్యమని వెంటపడుతున్నాడు. పెద్దక్క ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"శుక్రవారం పదకొండింటికి కాగితాలు పట్టుకుని రండి. సంతకం పెట్టేసి తాళాలిచ్చేస్తాను. నగరం అవతల మా పిన్ని కూతురింటికి వెళ్ళిపోతా."

"ఇన్నాళ్ళూ ససేమిరా అన్నారు. ఇప్పుడేమైందమ్మా?"

"ఈ వీధి గాలి పడట్లేదు," అంది.

ముప్ఫయ్యేళ్ళు నాన్న కాఫీ కలిపిన చోటు అది. మూడు రోజులు పెద్దక్క సామాను సర్దింది, మధ్యమధ్యలో ఏడ్చింది, ఏడ్చినప్పుడల్లా చెల్లెల్ని తిట్టుకుంది. అన్నీ వదిలేసి పోవడానికి మనసు రాయి చేసుకుంది గానీ ఒక్కటి మాత్రం వదలబుద్ధి కాలేదు. శుక్రవారం పదింటికి ఒక దుప్పటి మడతపెట్టి చంకలో పెట్టుకుని, మూడేళ్ళలో మొదటిసారి రోడ్డు దాటింది.

చిన్నక్క గల్లా దగ్గర కప్పులు తుడుస్తోంది. అక్కని చూసి చేతిలో కప్పు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"దుప్పటేంటక్కా?"

"నా కుక్క నీడ తీసుకెళ్ళడానికి."

చిన్నక్క కిటికీ పక్కకి చూపించింది. "వస్తే తీసుకెళ్ళు."

అక్కడ, ఎప్పుడూ జనం కాళ్ళ చాటున ఉండే ఒక కుర్చీ కింద, ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని, పెద్దాయన నీడ పడుకుని ఉంది. వెనక కాలు ఒకటి పక్కకి వంగి ఉంది. ఆ కాలిని పోల్చుకోగానే పెద్దక్కకి ఏడుపు ముంచుకొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని దుప్పటి పరిచి నీడని అంచు పట్టుకుని లాగింది. అది తడి సబ్బులా చేతుల్లోంచి జారిపోయి మళ్ళీ కుర్చీ కిందే సర్దుకుంది. రెండోసారి లాగింది, జారిపోయింది. మూడోసారికి ఇక దుఃఖం పట్టలేకపోయింది.

"నాన్నకీ నువ్వంటేనే ఇష్టం," అంది కింద కూర్చునే. "వీధికీ నువ్వే. ఊళ్ళో కుక్కలన్నిటికీ నువ్వే. పోనీ, తీసుకో. ఈ ఒక్కటి నాకుండకూడదా? నువ్వంటే నాకు ఎంత కుళ్ళో తెలుసా? పొద్దున లేచిన దగ్గర్నుంచి నీ నేల చూసి ఏడవడమే నా పని!"

చిన్నక్క కప్పు కింద పెట్టింది.

"నీకొక్కదానికేనా కుళ్ళు? నాన్న ఆఖర్న నీ చేతి సూప్ తప్ప ముట్టుకోలేదు. నేను చెంచా నోటి దగ్గర పెడితే మొహం తిప్పుకున్నాడు. ఇక పెద్దాయన సంగతంటావా, రోజూ వస్తుంది, ఆ కుర్చీ కింద పడుకుంటుంది. నేను పిలిస్తే చెవి కూడా కదపదు. లేచి నీ దగ్గరికొచ్చేస్తుంది. రోజూ వెనకనుంచి చూస్తూ నిలబడతాను, నాకెలా ఉంటుందనుకున్నావ్?"

అప్పుడు పెద్దక్క కుర్చీని చూసింది. ముందు కాళ్ళ మీద పంటి గాట్లు. కుర్చీ చేతి మీద వేడి గిన్నె పెట్టిన నల్లటి మచ్చ.

"ఇది నాన్న కుర్చీ కదే!"

"నువ్వు రోడ్డు పక్కన పడేసిందే. ఎంత కడిగినా వాసన పోవట్లేదన్నావటగా. చెత్తబండి వచ్చేలోపు తెచ్చుకున్నాను."

నాన్న ఉన్నన్నాళ్ళూ పెద్దాయన పడుకున్నది ఆ కుర్చీ కిందే. ఆ సంగతి పెద్దక్కకి తెలియంది కాదు. శుభ్రం ధ్యాసలో తట్టలేదు, అంతే. ఆవిడకి సిగ్గేసింది. లేవడానికి కుర్చీ చెయ్యి పట్టుకుంది, లేస్తూ లేస్తూ అందులోనే కూలబడింది. కాళ్ళ కింద నీడ చల్లగా తగిలింది. కుర్చీ నుంచి కాఫీ వాసన, ముసలితనం వాసన, కుక్క వాసన కలిసి వచ్చాయి. ఎంత కడిగినా పోనివే.

చిన్నక్క కాఫీ తెచ్చి చేతికిచ్చింది. పైన మీగడ తీసేసి ఉంది. పెద్దక్కకి చిన్నప్పటినుంచి కాఫీలో మీగడ తగిలితే వాంతి. మూడేళ్ళుగా తన కాఫీలో మీగడ తనే తీసుకుంటోంది. చెల్లెలు పక్క కుర్చీలో కూర్చుంది. పెద్దక్క ఒక్కొక్క గుక్కే తాగింది. సెల్‌ఫోన్ల ఆయన గుర్తు రాలేదు, పిన్ని కూతురిల్లు గుర్తు రాలేదు, ఎదురుగా తన కొట్టు కనిపిస్తున్నా అటు చూడలేదు.

కప్పు ఖాళీ అయ్యాక గోడ గడియారం చూసి ఉలిక్కిపడింది. పదకొండు దాటి అయిదు నిమిషాలు.

"పనుంది, వెళ్ళాలి," అని దుప్పటి చుట్టి బయటపడింది.

తన గుమ్మం ముందు సెల్‌ఫోన్ల ఆయన ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. రోడ్డు దాటి వస్తున్న ఆవిడ కాళ్ళ వైపు చూశాడు. తర్వాత ఎదురు కొట్టు వైపు చూశాడు. విప్పిన పెన్నుకి మళ్ళీ మూత పెట్టాడు.

"నేను వేరే చోటు చూసుకుంటాలెండమ్మా," అన్నాడు.

"అదేంటి? మాటిచ్చాను కదా!"

"ఇచ్చారు. కానీ మీరు ఎక్కడికీ పోరు. పోయినా రోజూ రెండు బస్సులు మారి ఇక్కడికే వస్తారు. నాకెందుకు ఆ ఉసురు?" అని ఫైలు చంకలో పెట్టుకుని బస్సు వైపు నడిచాడు.

పెద్దక్క కిందికి చూసుకుంది. ఎండ మండిపోతోంది. రోడ్డు మీద దుప్పటి నీడ ఉంది, బోర్డు నీడ ఉంది, ఆవిడ కాళ్ళ దగ్గర మాత్రం ఏమీ లేదు. వీధి చివర దర్జీ కత్తెర పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన వెనక ఇంకెవరో. ఇంకేముంది, వీధంతా చూసేసింది. పెద్దక్క మొహం కందగడ్డ అయిపోయింది. ఎవర్నైనా తిడదామంటే తిట్టడానికి ఎవరూ దొరకలేదు. పెద్దాయన గుమ్మంలోంచి కాలీడ్చుకుంటూ వచ్చి, నీడ లేని ఆవిడ పక్కన నీడ లేకుండా నిలబడింది.

ఆవిడ వెనక్కి తిరిగి ఎదురు కొట్టు అద్దంలోంచి చూసింది. నాన్న కుర్చీ దగ్గర, పెద్దాయన నీడని ఆనుకుని, కాళ్ళు బారజాపుకుని ఒక ఆడమనిషి నీడ హాయిగా కూర్చుని ఉంది. చిన్నక్క చీపురు తీసుకుని దాని చుట్టూ మెల్లిగా తిప్పుతోంది. కళ్ళు తుడుచుకుంటూ, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది.

పెద్దక్క ఒక్క క్షణం అలాగే చూసింది. తర్వాత దుప్పటి పెద్దాయన వీపు మీద పడేసి, చరచరా రోడ్డు దాటి తలుపు తోసింది.

"ఆ మూల దుమ్మంతా అలాగే ఉంది కదే!" అంది. "ఇటివ్వు చీపురు."