మలేరియా కాదు

డెబ్బై ఎనిమిది వేసవి. కౌతాళం పొలాల్లో ఎరువు కోసం రాత్రిళ్ళు గొర్రెల మందలు ఆపే రోజులు. భీమన్న నెల నుంచీ మందతోనే పడుకుంటున్నాడు. సద్ది తీసుకుపోయిన సుంకమ్మకు మొగుడి చంకలో నెత్తురు తాగి కందిగింజంత ఉబ్బిన గోమారి పురుగు కనిపించింది. పీకి, రాతి మీద పెట్టి నలిపింది.

"ఇన్ని గొర్రెలుండంగా నీ మీదే పడిండాదేమయ్యా?"

"యా నెత్తురు తియ్యగుంటాదో దానికి తెల్దా?" అని నవ్వాడు భీమన్న.

వారం తిరక్కుండానే భీమన్నకు జ్వరం కాసింది. ఇల్లిల్లూ తిరిగి జ్వరాలు కనుక్కునే మలేరియా ఉద్యోగి వాదిరాజ వచ్చి, వేలు గుచ్చి, గాజుబిళ్ళ మీద నెత్తురు చుక్క పట్టుకుని, చేదు మాత్రలిచ్చి పోయాడు. నాలుగో నాడు చిగుళ్ళ నుంచి నెత్తురు కారింది. సుంకమ్మ మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఆదోనికి తీసుకుపోయింది. అక్కడొక డాక్టరు, సారాయి తాగుతాడా, యే బావి నీళ్ళు, పాము గానీ కరిచిందా అని అడిగాడు. ఏం పని చేస్తాడని అడగలేదు. అడిగినా ఆమె గోమారి సంగతి చెప్పేది కాదు. గొర్రెలున్న చోట గోమార్లుండటం చెప్పుకోవలసిన సంగతా?

"విషజ్వరం" అన్నాడు డాక్టరు. మర్నాటి మధ్యాహ్నం భీమన్న పోయాడు.

దినాలు కాగానే మరిది రంగన్న గొంగడి భుజాన వేసుకున్నాడు. సుంకమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"పోవద్దప్పా. మీయన్నను తిన్నదేందో తెలిసేదాకా మంద కాడికి పోవద్దు. నెత్తురు పరీక్షకు పోయిండాది గదా, సెప్తారు."

"అంతదాకా గొర్రెల్ని బడికి పంపిద్దామా వదినా?" అని ఎగతాళి చేశాడు గానీ రంగన్న ఆగాడు. గొర్రెలను ఊళ్ళోని ఇంకో కాపరి కాశప్ప మందలో కలిపారు.

మరో వారానికి వాదిరాజ వచ్చి సైకిలు దిగాడు.

"మీ ఆయన నెత్తురులో మలేరియా లేదమ్మా. భయం లేదు."

భీమన్న పోయిన సంగతి అతనికి తెలియదు. తెలిశాక తల వంచుకున్నాడు.

"మరింకేముండె సామీ ఆ నెత్తురులో?"

"తెలీదమ్మా. మేం చూసేది మలేరియా ఒక్కటే."

"ఇంగెవర్నడగల్ల?"

వాదిరాజ సైకిలెక్కి పోయాడు. రంగన్నకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

"ఏమీ లేదంట గదొదినా! ఇంగేంటికి వద్దంటావు?"

సుంకమ్మ వాకిలి వదిలింది. జొన్నరొట్టెలు, ఎర్రకారం మూటగట్టి అతని చేతికిచ్చింది.

"ఎండలో తిరగాకు రంగా," అంది, చెప్పడానికి ఇంకేమీ లేక.