ఏడో ఎక్కం

కరెంటు పోయి చాలాసేపయింది. నానబెట్టిన దుప్పట్ల తొట్టి ముందు కూర్చుని పంతులమ్మ ముఖం మీది చెమటను భుజానికి తుడుచుకుంటోంది. సెలవులకు వచ్చింది పేరుకే. ఆమె వచ్చిన మర్నాడే వదిన పనిమనిషిని మాన్పించేసింది. "ఏడాది పొడుగునా కుర్చీలో కూర్చుని అరిచే ఉద్యోగమేగా, ఒళ్ళు కాస్త వంగనీ" అని నవ్వింది కూడా. పంతులమ్మా నవ్వేసింది. నవ్వక ఏం చేస్తుంది? కొండ మీది ఊళ్ళో ఆమె ఉండే గది బడిది. సెలవులివ్వగానే దానికి తాళం పడుతుంది. భర్త పోయాక పెట్టె పెట్టుకోవడానికి ఆమెకు ఈ ఇంట్లో మూల తప్ప వేరే చోటు లేదు. చదివించింది అన్నయ్య, ఉద్యోగం వచ్చేదాకా తిండి పెట్టింది అన్నయ్య. ఆ మాట అతను ఎన్నడూ ఎత్తలేదు. వదిన మాత్రం రోజుకోసారి ఎత్తి, మళ్ళీ జాగ్రత్తగా దించుతుంది.

పెరటి గోడ అవతల అన్నయ్య అగ్గిపెట్టెల షెడ్డు ఉంది. "అటు వెళ్ళకు, మందు వాసన నీకు పడదు" అని వచ్చిన రోజే చెప్పాడు. ఆమె వెళ్ళలేదు. ఇవాళ మోటార్లు ఆగిపోయాయి గనకే ఆ గొంతులు గోడ దాటి వచ్చాయి.

"ఏడొకట్ల ఏడు... ఏడు రెళ్ళు పధ్నాలుగు..."

ఎక్కాలు ఏ బడి పిల్లలైనా చదువుతారు. కానీ ఏడెనిమిదుల దగ్గర గొంతు ఆపి, ఊపిరి బిగబట్టి, "యాభయ్యారూ" అని సాగదీసే పిల్లలు ప్రపంచం మొత్తం మీద ఒక్క బడిలోనే ఉన్నారు. అక్కడ తడబడుతున్నారని ఆ విరుపు పెట్టింది తానే. దుప్పటి ఆమె చేతిలోంచి జారి తొట్టిలో పడింది.

షెడ్డు తలుపుకు బయటి నుంచి గడియ పెట్టి ఉంది. పంతులమ్మ తీసింది. మందు ఘాటు గొంతుకు పట్టుకుంది. రేకుల కింద వేడి సెగలు కక్కుతోంది. నేల మీద వరసగా ఆడపిల్లలు గొంతుక్కూర్చుని చెక్క చట్రాల గాడుల్లో పుల్లలు పేరుస్తున్నారు. ఎక్కంలో ఒక్కో మాటకు చట్రంలో ఒక్కో వరస నిండాలి. ఎక్కం అయిపోయేసరికి చట్రం చేతులు మారాలి. ఎవరి వరసైనా వెనకబడితే అందరూ మళ్ళీ ఏడొకట్ల నుంచి మొదలుపెట్టాలి. వాళ్ళ మధ్య తిరుగుతున్న మేస్త్రీ ఆమెను చూసి జేబులోంచి ఫోను తీస్తూ పక్కకు తప్పుకున్నాడు.

మూడో వరసలో ఉన్న పిల్ల లేచింది. ఎప్పుడూ కిచకిచలాడుతుందని పంతులమ్మే దానికి పిచ్చుక అని పేరు పెట్టింది.

"టీచర్ వచ్చారే!" అని అరిచింది పిచ్చుక. "మీరు ఇవాళొస్తారు రేపొస్తారు అని రోజూ చూస్తున్నాం టీచర్. సెలవుల బడి అన్నారు, మీరే రమ్మన్నారని చెప్పారు. నేను ఒక్కసారి కూడా తప్పు చదవలేదు, కావాలంటే మేస్త్రీనడగండి."

"చేతులేవీ, చూపించు."

హోంవర్కు చెయ్యని రోజు పలకను దాచినట్టు పిచ్చుక చేతులు వెనక్కి పెట్టుకుంది. పంతులమ్మ బలవంతంగా ముందుకు తీసింది. వేళ్ళ కొసలు తోలు ఊడి ఎర్రగా ఉన్నాయి.

ఆమె ఇంట్లోకి వచ్చేసరికి అన్నయ్య వరండాలో విసనకర్రతో విసురుకుంటున్నాడు. మేస్త్రీ కబురు అప్పటికే చేరినట్టుంది, అతను దాచే ప్రయత్నమేమీ చెయ్యలేదు.

"కోప్పడకు తల్లీ, కూర్చో. 'మా బడి పిల్లల వేళ్ళు ఎంత చురుకో, పూసలు గుచ్చుతుంటే చూడాలి' అని పోయిన సెలవుల్లో నువ్వేగా మురిసిపోయావు?"

అవును, మురిసిపోయింది. అన్నం తింటూ, కన్నతల్లిలా గొప్పలు చెప్పుకుంది. అన్నయ్య అప్పుడు మజ్జిగ పోసుకుంటూ ఆ ఊరికి దారెటని అడిగాడు. తన బడి మీద అన్నయ్యకు ఇంత శ్రద్ధా అని ఆమె పొంగిపోయింది.

"నా పేరు చెప్పి తెచ్చావా అన్నయ్యా?"

"పంతులమ్మగారి అన్ననన్నాను. అబద్ధమా? అక్కడైతే ఎండన పడి తిరుగుతారు, ఇక్కడ వేళకు తిండి, పెద్దవాళ్ళ కూలిలో సగం. ఆర్డరు పెద్దది, బడి తెరిచినా వాళ్ళను పంపలేను. తండ్రులు గొడవ పెడుతున్నారు. నువ్వు ఒక్కమాట చెబితే సర్దుకుంటారు." అంటూనే నంబరు నొక్కి ఫోను ఆమె చేతిలో పెట్టాడు. కొండ మీది ఊళ్ళో ఫోనున్నది కిరాణా కొట్లోనే. పిచ్చుక తండ్రిని ముందే అక్కడికి పిలిపించి పెట్టారు.

"ఆలోచించుకుని మాట్లాడు" అంది వదిన గుమ్మంలోంచి. "పెట్టె సర్దుకోవడం ఎంతసేపు."

"టీచరమ్మా!" ఫోనులో గొంతు పొంగిపోయింది. "బాగున్నారా? మాది అల్లరి చేస్తోందా? చేస్తే నాలుగు తగిలించండి. ఇంకొన్నాళ్ళు ఉంచుతామంటే మా ఆడది ఏడుస్తోంది గానీ, నేను చెప్పా, టీచరమ్మ దగ్గరే కదే, మనకేం దిగులని."

ఏళ్ళ తరబడి ఈ ఇంట్లో తిన్న అన్నమంతా నోటికొచ్చిన మాటకు అడ్డం నిలబడింది.

"మీ పిల్ల నా దగ్గర లేదు" అంది చివరికి.

"ఏంటమ్మా?"

"ఇక్కడ బడి లేదు. నేను ఎవర్నీ రమ్మనలేదు. మీరందరూ కలిసి వచ్చి పిల్లల్ని తీసుకెళ్ళండి."

అవతల తండ్రి చాలా మెల్లగా అడిగాడు. "మరి మా పిల్ల ఎవరి దగ్గరుందమ్మా?"

పంతులమ్మ తల ఎత్తింది. అన్నయ్య రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే రాత్రంతా తన తల పట్టిన చేతులవి.

"మా అన్నయ్య దగ్గర" అంది.

చేతులు విడిపోయాయి. అన్నయ్య ఆమె వంక మళ్ళీ చూడలేదు, పెరటి వైపు తిరిగి కేకేశాడు. "మేస్త్రీ, వ్యాను తియ్యి. అందర్నీ ఎక్కించు, వాళ్ళొచ్చేసరికి ఇక్కడ ఒక్క పిల్ల కూడా ఉండకూడదు!"

పంతులమ్మ చెవి దగ్గర ఫోను తియ్యకుండానే పరిగెత్తింది. షెడ్డు గేటుకు అడ్డంగా, కాళ్ళు కాలిపోతున్న నేల మీద చతికిలబడింది. వ్యాను ఇంజను గుర్రుమని, మూతి ఆమె వైపుకు తిరిగింది. ఆమె కళ్ళు మూసుకుని, బస్సు దిగాక ఎటు తిరగాలో, ఈ ఇంటికి ఏ వీధిలోంచి రావాలో ఆ తండ్రికి గట్టిగా అరిచి చెప్పడం మొదలుపెట్టింది.