బాదం గింజంత కోపం

గోడ మీది కాఫీ మరక తుడుస్తుండగా నా నోట్లోంచి ఓ కేక జారింది. "విసిరినవాళ్లే తుడుచుకోవచ్చుగా!" పెళ్లైన ఇన్నేళ్లకు అదే మొదటి కేక. మా ఇంట్లో కోపతాపాలకు వాటాలున్నాయి: కోపం ఆయనది, పొయ్యి దగ్గర తాపం నాది. నేను వాటా దాటేసరికి మావారు బెదిరిపోయారు. "దీని మెదడులో ఏదో తేడా వచ్చిందమ్మా" అని వాళ్లమ్మతో చెప్పి, నన్ను నరాల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లారు. అత్తగారూ బయల్దేరారు, సాక్ష్యానికేమో అనుకున్నాను. నా భయమల్లా ఒకటే. ఏదో మాత్ర రాస్తారు, ఇప్పుడిప్పుడే లేచిన నోరు మళ్లీ పడుకుంటుంది.

"కోపం తగ్గే మందు రాయండి డాక్టరుగారూ, కాస్త గట్టిది" అన్నారాయన, తాళంకప్ప బేరమాడినట్టు.

డాక్టరమ్మ నావైపే తిరిగింది. "మెదడులో బాదం గింజంత భాగం ఒకటుంటుందమ్మా. అపాయమో అన్యాయమో అనిపిస్తే గంట కొడుతుంది. దడ, వణుకు, అంతా ఆ గంట చలవే. ఆగమనే బ్రేకు నుదుటి వెనకాల ఉంటుంది. కోపం జబ్బు కాదు. కోపమొచ్చిన వాళ్లందరూ కొట్టరు కూడా."

నుదుటి మీద రాతే అనుకున్నాను, వెనకాల బ్రేకు కూడానా! బాదం అందరికీ ఉంటుంది, బాదడమే కొందరి సొత్తు.

"అయితే నా బ్రేకు ఫెయిలండీ! కోపమొస్తే చెయ్యి నా మాట వినదు" అని మావారు నవ్వబోయారు.

"ఎందుకు వినదురా?" అన్నారు అత్తగారు. "చేతిలో పింగాణీ కప్పుంటే దాన్ని పదిలంగా బల్ల మీద పెట్టి, స్టీలు గ్లాసు వెతుక్కుని మరీ విసురుతావు. మీ ఆఫీసరు తిడితే నోరు మూసుకుని ఇంటిదాకా మోసుకొస్తావు. నీ బ్రేకు బంగారంరా. మీ నాన్నదీ అంతే."

డాక్టరమ్మ కలానికి మూత పెట్టింది. "ఈవిడకి మందక్కర్లేదు. వచ్చే వారం మీరు రండి, ఒక్కరే."

బయట మెట్ల మీద కూలబడి నా కోపానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. పాపిష్టిదని నవ్వుల్లో చుట్టి దాచాను, దగ్గులో కలిపి మింగాను. అదేమో జీతం బత్తెం లేకుండా నాకు కాపలా కాసింది. మా ఆఫీసులో నా పనికి ఇంకొకాయన శభాష్ అనిపించుకున్నప్పుడూ, ఇంట్లో ఈయన "నువ్వు చేసేదేముంది" అన్నప్పుడూ గంట కొడుతూనే ఉంది, నా తల్లి! వినే తీరికే నాకు లేకపోయింది.

"ఏమండీ, ఇంట్లో ఇంకొక్క గ్లాసు ఎగిరినా నేను మా అక్క దగ్గరికి వెళ్లిపోతాను" అన్నాను. గొంతు పెంచలేదు.

ఆయన దిక్కు కోసం వాళ్లమ్మ వైపు చూశారు.

"ఆ రోజొస్తే నా బట్టలు కూడా సర్దు, అమ్మాయ్" అన్నారు అత్తగారు.