బుజ్జిగారికి పాఠం

అమలాపురంలో, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్పడం నేర్పే ఆ ట్రైనింగ్ కాలేజీలో గౌరీశంకరం మాస్టారంటే అందరికీ హడల్. ట్రైనీలను బడికి పంపేముందు ఆయన తన ఎదుటే పాఠం చెప్పించేవారు. తోటివాళ్లే పిల్లలై కూర్చునేవారు. ఆరోజు కాట్రేనికోన నుంచి వచ్చే దుర్గాశ్రీ వంతు. కుదురుగా కూర్చోలేని పిల్లవాడిలా నటించడం ఎవరికీ చేతకాకపోయేసరికి, మాస్టారే విసుగెత్తి ముందు బెంచీలో కూర్చున్నారు.

దుర్గాశ్రీ చింతపిక్కలతో కూడికలు మొదలుపెట్టిందో లేదో, ఆయన లేచి ఫ్యాను కట్టేశారు. తర్వాత కిటికీ ఎక్కబోయారు.

"మాస్టారండీ, కూర్చోండి," అందామె భయంభయంగా.

"మాస్టారెవరండీ? నేను బుజ్జినండి," అన్నారాయన, పక్కవాడి పెన్ను లాక్కుంటూ.

క్లాసంతా పుస్తకాలు అడ్డం పెట్టుకుని నవ్వింది. దుర్గాశ్రీకి నవ్వే ధైర్యం లేదు. మార్కులు వేసేది ఆ బుజ్జే మరి. అంతలో, కదలకుండా ఉండలేని పిల్లలకు కదిలే పనే అప్పజెప్పాలని ఆయనే చెప్పిన మాట గుర్తొచ్చింది.

"బుజ్జీ, ఈ పిక్కలు అందరికీ నువ్వే పంచాలి. తలా ఐదు. లెక్క తప్పకూడదు."

"ఆయ్, టీచరండీ."

మాస్టారు పైకి లెక్కపెడుతూ బుద్ధిగా పంచసాగారు. సగం బెంచీలు అయ్యేసరికి అటెండరు వెంకటస్వామి గుమ్మంలోకి వచ్చి, ప్రిన్సిపాల్ గారు రమ్మంటున్నారని చెప్పాడు. మాస్టారు దుర్గాశ్రీ వైపు తిరిగారు.

"వెళ్లనా, టీచరండీ?"

"పంచడం అయ్యాక వెళ్లు," అందామె పాఠం ధ్యాసలో.

వెంకటస్వామి ఆఫీసుకి తిరిగి వెళ్లాడు.

"వస్తారండీ," అన్నాడు ప్రిన్సిపాల్‌తో. "టీచరుగారు ఇంకా వదల్లేదండి."