మెషిన్ల కాపలా

"పొద్దస్తమానం కూర్చునే ఉంటావు కదమ్మాయ్, నీకు నడుం నొప్పెందుకొస్తుందీ?" అంది మా అత్తగారు ఆగ్నెస్. నేనప్పుడు వంగి, బారు కింది అరలో కడిగిన గ్లాసులు సర్దుతున్నాను. ఆవిడకి ఎనభై దాటాయి. బారు పైవాటాలోనే ఉంటుంది. సూప్ తాగడానికి కిందికి దిగి, నా మీద ఒక మాట విసిరి మళ్ళీ మెట్లెక్కిపోతుంది. ఆ మాటకి నాకు కోపం రాలేదు. అందులో అబద్ధం లేదు మరి. నేను నిజంగానే పొద్దస్తమానం కూర్చునే ఉంటాను.

మా బారులో డబ్బులేసి జూదమాడే వీడియో స్లాట్ మెషిన్లు ఆరున్నాయి. లైసెన్సు ఇల్లినాయ్ రాష్ట్రం బోర్డు ఇచ్చింది, మా ఆయన వెండెల్ పేరున. ఊళ్ళో గడియారాల ఫ్యాక్టరీ, సిమెంటు ఫ్యాక్టరీ మూతపడ్డాక తాగేవాళ్ళు తగ్గిపోయి, మామగారి నాటి బారు ఇవాళో రేపో అన్నట్టుండేది. ఈ మెషిన్లొచ్చి దాన్ని నిలబెట్టాయి, కాదనను. వాటితోపాటు ఒక నిబంధన కూడా వచ్చింది. మెషిన్లు వెలుగుతున్నంతసేపూ బారు ఉద్యోగి ఒకరు వాటిని కళ్ళెదుట ఉంచుకోవాలి. ఇరవయ్యొకటి నిండని వాళ్ళెవరూ వాటి ముందు కూర్చోకుండా చూసుకోవాలి. బారు చివర ఎత్తు స్టూలు మీంచి చూస్తే ఆరు తెరలూ కనిపిస్తాయి. "నీకేం కష్టం లొరీ, కూర్చుని చూడటమేగా," అన్నాడు వెండెల్ మొదటిరోజు. అప్పట్నించి ఎనిమిదేళ్ళు ఆ స్టూలు మీద నేనే. పొద్దున వంట, ఇల్లు, అత్తగారి మందులు, శుక్రవారమైతే బారుకి చేపల వేపుడు. పింఛనుదార్లు భోంచేసి ఆటకొచ్చే వేళకి స్టూలెక్కాలి. వాళ్ళు లేచి వెళ్ళేసరికి బయట చీకటి పడిపోయేది. వెండెల్ ఏం చేస్తాడంటారా? సరుకు తెస్తాడు, బీరు పోస్తాడు, వచ్చినవాళ్ళతో మాట్లాడతాడు. మాట్లాడటం పని కిందే లెక్క. చూడటం మాత్రం కాదు.

నాకు నెలసరి ఆగిపోయే ముందురోజుల్లో ఒకసారి స్టూలు మీదుండగానే మొదలైంది. వెండెల్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "ఇప్పుడే వచ్చేస్తున్నా," అన్నాడు. గేలాల కొట్లో ఎవరో పాత స్నేహితుడు దొరికాడట. నేను లేస్తే నిబంధన తప్పినట్టు. నిబంధన తప్పితే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే బారు పోతుంది, బారు పోతే మామగారి పేరు పోతుంది. ఇంత బరువు నేను కూర్చున్న చోట ఉందన్నమాట. కదలకుండా కూర్చున్నాను. అతనొచ్చి, నేను లేచాక స్టూలు చూసి, "అయ్యో, చెప్పొచ్చుగా," అన్నాడు. చెప్పాననలేదు నేను. బకెట్టూ గుడ్డా తెచ్చుకుని స్టూలు తుడుచుకున్నాను.

మార్చిలో కరోనా మా జిల్లాకీ వచ్చింది. బారులన్నీ మూసెయ్యమన్నారు. ఈ మెషిన్లన్నీ రాష్ట్రం వాళ్ళ కంప్యూటరుకి కలిపి ఉంటాయి. వాళ్ళెక్కడో కూర్చుని ఆపేస్తే మా దగ్గర ఆరు తెరలూ ఒక్కసారిగా నల్లబడ్డాయి. వెండెల్ తల పట్టుకున్నాడు. అత్తగారు జపమాల తీసింది. నాకూ భయమే, మనుషులు చచ్చిపోతున్నారు, ఇంట్లో పెద్దావిడ ఉంది. కానీ చెప్పడానికి సిగ్గెందుకు, ఆ నల్లటి తెరల్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు భోజనాలయ్యాక ఏం చెయ్యాలో తోచక కాలవ గట్టు పట్టుకుని నది దాకా నడిచాను. నది మధ్య ఇసకదిబ్బ మీద తెల్లగా ఏదో పరుచుకుని ఉంది. మంచు ఇంకా కరగలేదేమో అనుకున్నాను. అంతలో ఆ తెలుపు లేచింది. గూడబాతులు, ముక్కు కింద సంచీ వేలాడే పెద్ద పక్షులు. ఉత్తరానికి పోతూ ఏటా మార్చిలో మా నదిలో దిగుతాయని బారులో అందరూ చెప్పుకోవడం వింటూనే ఉన్నాను. చూడలేదు. అవి పగటిపూట కనిపించేవి, నేనేమో పగటిపూట లోపల ఉండేదాన్ని. రెక్కల అంచులు నల్లగా, అంత బరువైన ఒళ్ళుతో అంత తేలిగ్గా ఎలా ఎగురుతున్నాయో, అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చేశాను. పక్షుల్ని చూసి ఏడుపేంటి, పిచ్చి కాకపోతే.

ఆ తర్వాత రోజూ వెళ్ళాను. గూడబాతులు వెళ్ళిపోయినా వెళ్ళాను. మధ్యాహ్నం ఇంత పొడుగుంటుందన్న సంగతే మర్చిపోయాను. ఎండ మెల్లిగా అవతలి గట్టు దిగుతుంది, నీళ్ళ రంగు మారుతుంది, ఎవరో దూరంగా గేలం వేసుకుని నిద్రపోతుంటారు. నేనేమీ చెయ్యను. ఎవరినీ చూడక్కర్లేదు. అయితే ఆ సుఖంలోనే ఒక బెంగ పట్టుకుంది. పెళ్ళికి ముందు వెండెల్ ఇదే గట్టు మీద నా చెయ్యి పట్టుకుని నడిచేవాడు. వాళ్ళ నాన్న బారు తను నడపనని, పడవలు బాగుచేసుకుంటూ బతుకుతానని చెప్పేవాడు. నేను నవ్వితే చాలు, చెప్పిందే మళ్ళీ చెప్పేవాడు. ఆ మనిషి కావాలనిపించింది నాకు. ఒకే మంచం మీద పడుకునే మొగుడి మీద ఇలా బెంగ పెట్టుకున్నదాన్ని ఊళ్ళో నేనొక్కదాన్నే అనుకుంటా.

"రేపు నాతో రారాదూ," అన్నాను ఒకరోజు.

"పక్షుల్ని చూట్టానికా? చాలా చూశాన్లే."

బతిమాలితే ఒక్కసారి వచ్చాడు, కారులో. గట్టు దాకా తెచ్చి, తను దిగలేదు. బారులు ఎప్పుడు తెరుస్తారోనని మిగతా బారువాళ్ళతో ఫోన్లో మాట్లాడుతూ కూర్చున్నాడు. నేను నీళ్ళ దగ్గర్నించి రమ్మని చెయ్యూపాను. ఇంకెంతసేపని అతను హారన్ కొట్టాడు.

జూన్ చివర్లో మెషిన్లు మళ్ళీ నడుపుకోవచ్చన్నారు. కొత్త షరతులు పెట్టారు. ఒకటి విడిచి ఒకటి ఆపెయ్యాలి. ఆడినవాళ్ళు లేవగానే మీటలూ కుర్చీలూ క్రిములు చచ్చే మందు పెట్టి తుడవాలి. మాస్కు జారినవాళ్ళకి చెప్పాలి. ఇదంతా చూడటానికే ఒక మనిషి ఉండాలి. వెండెల్ ఆ సాయంత్రమే కొత్త స్టూలు కొనుక్కొచ్చాడు. దానికి మెత్తటి వీపు కూడా ఉంది. "చూడు లొరీ, నీ నడుం కోసమే. ఆనుకుని కూర్చోవచ్చు," అన్నాడు. అతని కళ్ళలో నిజంగానే ప్రేమ ఉంది. నాకు ఆ స్టూలుని తీసుకెళ్ళి కాలవలో పారెయ్యాలనిపించింది.

"అదృష్టవంతురాలివి. మీ మామగారు నాకెప్పుడూ స్టూలు కొనలేదు," అంది అత్తగారు.

"రాత్రిళ్ళు నేను కూర్చుంటాను. మధ్యాహ్నాలకి ఎవరినైనా జీతానికి పెట్టు వెండెల్," అన్నాను.

"నువ్వుండగా ఇంకొకళ్ళా? జనం నవ్విపోతారు."

"నాకు మధ్యాహ్నాలు కావాలి."

"మధ్యాహ్నం ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను."

"అదేగా నేననేది, ఇక్కడా ఏమీ చెయ్యక్కర్లేదు."

"ఏమీ చెయ్యకపోడానికి నది దాకా పోవాలా?" అంది అత్తగారు సూప్ ఊదుకుంటూ.

తగువులాడటం నాకు చేతకాదు. రాత్రి పక్కమీద అతని వీపు వంక చూస్తూ, మళ్ళీ ఎనిమిదేళ్ళు, ఆ పైన ఇంకెన్నేళ్ళో, ఇక నా మధ్యాహ్నాలు అయిపోయినట్టే అనుకున్నాను. దుఃఖం కూడా పెద్దగా రాలేదు. పక్కన ఖాళీగా ఉన్న అతని చేతిని పట్టుకుందామనుకుని, లేపినట్టవుతుందని మానేశాను.

మెషిన్లు వెలిగించేముందు బోర్డు తరఫున ప్రూయిట్ అని ఒకాయన తనిఖీకొచ్చాడు. మాస్కు పైన అలిసిపోయిన కళ్ళు. మెషిన్ల మధ్య దూరం కొలిచాడు, మెషిన్లు తుడిచే మందు సీసాలు చూశాడు, అంతా బాగుందన్నాడు.

"వీటి దగ్గర ఉండే ఉద్యోగి ఎవరండీ?"

"ఇదిగో, మా ఆవిడే. దీనికి బాగా అలవాటు," అన్నాడు వెండెల్.

"మీరు జీతమిచ్చేవాళ్ళలో ఈవిడ పేరు లేదే."

వెండెల్ నవ్వేశాడు. "ఇంటి మనిషికి జీతమేంటండీ? ఏదో చేదోడుగా ఉంటుంది."

"చేదోడు కుదరదండీ, ఉద్యోగే ఉండాలి. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదేమో, ఈసారి గట్టిగా చూడమన్నారు."

"అయితే ఉద్యోగే అనుకోండి. పోయేదేముంది?"

ప్రూయిట్ మంచివాడిలాగే ఉన్నాడు. మాకు దారి చూపిద్దామనే నావైపు తిరిగాడు. "మీరే చెప్పండి మేడమ్. మీరిక్కడ పనిచేస్తారా?"

వెండెల్ నావంక చూసి, చెప్పు అన్నట్టు తలూపాడు. అవునంటే చాలు, సాయంత్రానికి తెరలు వెలుగుతాయి. ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలని ఎన్నాళ్ళు ఎదురుచూశాను నేను. ఆ స్టూలు తుడుచుకున్న రోజున ఎవరైనా అడిగుంటే, అవునని ఊరంతా వినబడేలా అరిచేదాన్ని. అత్తగారు అడిగుంటే చెప్పేదాన్ని. వెండెల్ అడిగుంటే, ఒక్కసారి అడిగుంటే, ఇంకో ఎనిమిదేళ్ళు కూర్చునేదాన్నేమో కూడా. ఇప్పుడు అడుగుతున్నారు. కానీ ఇప్పుడు ఆ అవును కావలసింది అతనికి. నాకు దానితో పని తీరిపోయింది.

"లేదండీ," అన్నాను. "నేనిక్కడ పనిచెయ్యను."

ప్రూయిట్ నన్నూ వెండెల్‌నీ మార్చి మార్చి చూశాడు. మనిషిని పెట్టుకున్నాక కబురు చెయ్యమని చెప్పి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. వెండెల్ మొహం ఎర్రబడింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మాస్కు గడ్డం కిందికి లాక్కుని, దారి తప్పినవాడిలా నిలబడ్డాడు.

"లొరీ, మరి మెషిన్లని ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఎనిమిదేళ్ళలో ఆ ప్రశ్న మా ఇంట్లో పుట్టడం అదే మొదలు. జవాబు నా మొహంలో ఉంటుందన్నట్టు చూస్తున్నాడు. నేను వెనక తలుపు తీసుకుని ఎండలోకి దిగాను. వెనక అడుగుల చప్పుడు వినిపిస్తుందేమోనని కాలవ మలుపు దాకా మెల్లిగానే నడిచాను. ఆ తర్వాత నా నడక నేను నడిచాను.